ఫైళ్లన్నీ వచ్చాయా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ఆగిపోయింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 పడదు. అందుకని ఇళ్లలో, దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో పాతవి పక్కకు జరిగి కొత్తవి వస్తున్నాయి. పాతదాంట్లో ఉన్నవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో వేసుకుని కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి. చూడ్డానికి చాలా చిన్న పని. ఫైళ్లు ఎంచుకుని కాపీ అనడం, డిస్కు తెరిచి పేస్ట్ అనడం. అయినా నెల తర్వాతో ఆర్నెల్ల తర్వాతో “ఆ ఒక్క ఫైలు రాలేదండీ” అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. అప్పటికి పాత కంప్యూటర్ ఎవరి చేతికో వెళ్లిపోయి ఉంటుంది. ఇలాంటి సందర్భాల్లో కాపీ చేయడం రాకపోవడం సమస్య కాదు. ఆ ఫైలు ఎక్కడ ఉంటుందో ఆ ఇంట్లో, ఆ దుకాణంలో ఎవరికీ తెలియకపోవడం సమస్య. కాబట్టి కాపీ సంగతి కాస్త ఆగి, ముందు ఫైళ్లు ఎక్కడెక్కడ ఉంటాయో చూద్దాం.

విండోస్‌లో సీ డ్రైవ్ తెరిస్తే యూజర్స్ అనే ఫోల్డరు కనిపిస్తుంది. దాని లోపల మీ పేరుతోనో, కంప్యూటర్ అమ్మినవాళ్లు పెట్టిన పేరుతోనో ఇంకో ఫోల్డరు ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ అని వేర్వేరుగా కనిపించేవన్నీ మామూలుగా దాని లోపలివే. తెర మీద పరిచి ఉన్న ఫైళ్లు కూడా డెస్క్‌టాప్ అనే ఫోల్డరులోనే ఉంటాయి. అందుకని ఒక్కొక్కటి ఏరుకోకుండా, మీ పేరుతో ఉన్న ఫోల్డరు మొత్తాన్నీ తీసుకోండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు పేర్లతో లాగిన్ అవుతుంటే వాళ్ల ఫోల్డర్లూ తీసుకోవాలి. మన దగ్గర కంప్యూటర్ అమ్మేటప్పుడు హార్డ్ డిస్కును సీ, డీ, ఈ అని భాగాలు చేసి ఇవ్వడం చాలాకాలంగా ఉన్న అలవాటు. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, పెళ్లి వీడియోలు చాలాసార్లు ఆ డీలోనో ఈలోనో ఉండిపోతాయి. అవి కూడా తెరిచి చూడండి.

మీ పేరుతో ఉన్న ఫోల్డరులోనే యాప్‌డేటా అని ఒకటి దాగి ఉంటుంది. పైన వ్యూ అనే చోట దాచిన ఫైళ్లను చూపించమని టిక్ పెడితే తప్ప అది కనిపించదు. బ్రౌజర్‌లో దాచుకున్న చిరునామాలు, తెర మీద అంటించుకున్న చిన్న చిన్న నోట్సులు అందులో ఉంటాయి. ఔట్‌లుక్‌లో మెయిల్ చూసుకునేవాళ్లు పీఎస్‌టీ అనే పేరుతో ముగిసే ఫైలు కోసం కంప్యూటరంతా వెతకండి. ఏళ్ల తరబడి వచ్చిన మెయిళ్లన్నీ ఆ ఒక్క ఫైలులో ఉండవచ్చు. ఔట్‌లుక్ తెరిచి ఉంచితే అది కాపీ కాదు. మూసేసి చేయాలి.

ఇక వ్యాపారం చేసుకునేవాళ్ల సంగతి. ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరును కాపీ చేసి కొత్త కంప్యూటర్లో పెడితే ప్రోగ్రాములు పనిచేయవు, వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. ఈ మాట అందరికీ తెలుసు కాబట్టి ఆ ఫోల్డరు జోలికి ఎవరూ వెళ్లరు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. టాలీ ప్రైమ్ వాడే చాలా దుకాణాల్లో లెక్కల డేటా ఆ ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల, టాలీ ఫోల్డరులో, డేటా అనే చిన్న ఫోల్డరులో ఉంటుంది. కంపెనీ పేరు కూడా అక్కడ కనపడదు, ఉత్త అంకెలతో ఫోల్డర్లు ఉంటాయి. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ మాత్రమే కాపీ చేసుకున్న దుకాణదారుకు ఇన్వాయిస్ పీడీఎఫ్‌లు దక్కుతాయి, ఖాతాలు దక్కవు. జీఎస్టీ చట్టం ప్రకారం ఏ సంవత్సరపు లెక్కలనైనా ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రంగా ఉంచాలి. కాబట్టి పోయినా పరవాలేదు అనుకునే వస్తువు కాదది. టాలీలో కంపెనీని ఎంచుకునే తెర మీదే డేటా ఉన్న దారి రాసి ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని అక్కడికి వెళ్లండి. టాలీలోనే బ్యాకప్ అనే సౌకర్యమూ ఉంది. ఫోల్డరు కాపీ చేసుకున్నా, దాన్ని కూడా వాడండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ పుట్టించేవి మన డీటీపీ సెంటర్లలో ఉన్న ఫైళ్లు. తెలుగునాట ఎన్నో ఏళ్లుగా పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు, పంచాంగాలు, కరపత్రాలు ఎక్కువగా పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్, అంటే 7.0, వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకుపోలేదు. అయినా ఈనాటికీ దాని మీదే పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. ఒక రచయిత జీవితకాలపు రచనలు, ఒక ఊరి గుడి చరిత్ర, ఒక చిన్న పత్రిక పాత సంచికలు ఆ రూపంలోనే ఉండి ఉండవచ్చు. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. లోపల ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలుంటాయి. వాటి మీద అను ఫాంటు తెలుగు ఆకారాన్ని వేస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పుస్తకమంతా అర్థంలేని గీతలూ గుర్తులూ అయిపోతుంది. ఫైలు మాత్రం కాపీ అయింది, ఒక్క బైటు కూడా పోలేదు. చదవడానికి మాత్రం పనికిరాదు.

అందుకని డీటీపీ ఫైళ్లతోపాటు ఫాంట్లూ రావాలి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు లోపల ఫాంట్స్ అని ఉంటుంది, దాన్ని కూడా కాపీ చేయండి. అను స్క్రిప్ట్ మేనేజర్ సీడీ ఉంటే దాన్నీ భద్రం చేసుకోండి. పేజీలో పెట్టిన బొమ్మల సంగతీ చూడాలి. పేజ్‌మేకర్‌లో పెద్ద బొమ్మలు చాలాసార్లు పేజీ ఫైలులో ఉండవు, అవి ఎక్కడున్నాయో ఆ దారి మాత్రమే ఉంటుంది. బొమ్మలున్న ఫోల్డరు వదిలేస్తే తెర మీద మసకగా కనిపిస్తాయి కాని, అచ్చుకు పనికిరావు. ఇన్‌డిజైన్ వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ. అందులో ప్యాకేజ్ అనే ఆదేశం ఇస్తే ఫాంట్లు, బొమ్మలు, పేజీలు ఒక ఫోల్డరులోకి చేరతాయి. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. డీటీపీ ఆపరేటర్లు దయచేసి ప్రతి పుస్తకానికీ ఒక పీడీఎఫ్ కూడా చేసి పక్కన పెట్టండి. ఫాంటు ఇమిడి ఉన్న పీడీఎఫ్‌లో పాఠం కనీసం చదవడానికైనా మిగులుతుంది. ఆ పుస్తకాలకు ఇంకెక్కడా ప్రతి ఉండకపోవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది కొత్త రకం సమస్య. కంప్యూటర్లో కనిపిస్తున్న ఫైలు అసలు కంప్యూటర్లో లేకపోవడం! మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటర్ మొదలుపెడితే వన్‌డ్రైవ్ అనేది డెస్క్‌టాప్‌నీ డాక్యుమెంట్స్‌నీ తన కిందకు తీసుకుంటూ ఉంటుంది. డిస్కులో చోటు మిగల్చడానికి కొన్ని ఫైళ్లను ఇంటర్నెట్ మీదే ఉంచి, ఇక్కడ పేరు మాత్రం చూపిస్తుంది. ఫైలు పేరు పక్కన చిన్న మేఘం బొమ్మ ఉంటే ఆ ఫైలు మీ దగ్గర లేనట్టే. ఆకుపచ్చ టిక్ ఉంటే ఉన్నట్టు. మేఘం బొమ్మ ఉన్నవాటిని ఇంటర్నెట్ లేకుండా కాపీ చేయబోతే తప్పు చూపిస్తుంది. ఇంటర్నెట్ ఉంటే ఒక్కొక్కటే దింపుకుంటూ గంటలు పడుతుంది. కాపీకి ముందే ఆ ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచు అనే మాట ఎంచుకుని, మేఘాలన్నీ టిక్కులుగా మారేదాకా ఆగండి. ఆపిల్ కంప్యూటర్లలో ఐక్లౌడ్ కూడా ఇలాగే చేస్తుంది. ముఖ్యంగా ఫొటోల విషయంలో జాగ్రత్త. స్థలం ఆదా చేసే సెట్టింగు ఆన్‌లో ఉంటే కంప్యూటర్‌లో చిన్న నకళ్లే ఉంటాయి, అసలు ఫొటోలు ఆపిల్ సర్వర్లలో ఉంటాయి.

ఎక్కడెక్కడ ఏమున్నాయో తేలాక, డిస్కు సంగతికి వద్దాం. 1 టీబీ డిస్కు కొంటే విండోస్ దాన్ని 931 జీబీ అని చూపిస్తుంది. అందులో మోసం లేదు. తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. కొనేటప్పుడు మీ ఫైళ్లకు కనీసం రెట్టింపు పట్టేది తీసుకోండి. పాత పెన్ డ్రైవ్‌లు, కొన్ని పాత డిస్కులు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటాయి. వాటిలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు కూడా పట్టదు. డిస్కు అంతా ఖాళీగా ఉన్నా, పెళ్లి వీడియోను మాత్రం ఎక్కించనివ్వదు. డిస్కును ఫార్మాట్ చేస్తే పోతుంది ఆ సమస్య, కాని ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. విండోస్‌లోనే వాడేవాళ్లకు ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది. విండోస్‌లోనూ ఆపిల్‌లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్.

కంప్యూటర్‌కు రెండు మూడు రకాల యూఎస్‌బీ రంధ్రాలుంటాయి. నీలం రంగువి సాధారణంగా యూఎస్‌బీ 3, వాటికే తగిలించండి. 500 జీబీ ఫైళ్లు సెకనుకు 100 ఎంబీ చొప్పున వెళ్తే గంటన్నర లోపు అవుతుంది. పాత యూఎస్‌బీ 2లో సెకనుకు 30 ఎంబీ చొప్పునైతే నాలుగున్నర గంటలు దాటుతుంది. లక్ష చిన్న ఫైళ్లుంటే ఇంకా ఆలస్యం. మధ్యలో కంప్యూటర్ నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చండి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించి ఉంచండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి.

కట్ అనే మాట జోలికి వెళ్లకండి, కాపీయే చేయండి. కట్ చేస్తే వెళ్లిన ఫైలు పాత చోట మిగలదు. మధ్యలో వైరు కదిలితే సగం ఇక్కడ, సగం అక్కడ.

కాపీ నడుస్తుండగా విండోస్ ఒక్కోసారి ఆగి, ఈ ఫైలు కాపీ చేయలేకపోతున్నాను, వదిలేయనా అని అడుగుతుంది. అన్నిటికీ ఇలాగే చేయి అని టిక్ పెట్టి పక్క పనికి వెళ్లిపోతాం. ఎన్ని వదిలేసిందో, ఏవి వదిలేసిందో ఇక మనకు తెలియదు. పెద్ద మొత్తంలో ఫైళ్లున్నవాళ్లు విండోస్‌లోనే ఉన్న రోబోకాపీని వాడటం మంచిది. విస్టా నుంచి ప్రతి విండోస్‌లోనూ అది ఉంది. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి తెర మీద రోబోకాపీ అని కొట్టి, ఎక్కడి నుంచి, ఎక్కడికి అనేవి రాసి, లోపలి ఫోల్డర్లన్నీ రావడానికి స్లాష్ ఈ అని చేర్చాలి. కాపీ కాని ఫైలు కోసం అది తనంతట తాను పది లక్షలసార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. అందుకని స్లాష్ ఆర్ కోలన్ ఒకటి, స్లాష్ డబ్ల్యూ కోలన్ ఒకటి అని చెప్పి ఆపాలి. స్లాష్ ఎక్స్‌జే కూడా చేర్చండి, లేకపోతే యాప్‌డేటాలో ఉన్న కొన్ని దొంగ దారుల వల్ల ఒకే ఫోల్డరులోకి తిరిగి తిరిగి వెళ్తుంది. కరెంటు పోయి ఆగిపోతే అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి, అప్పటికే చేరినవాటిని వదిలి మిగతావి అందుకుంటుంది. చివర ఒక పట్టిక చూపిస్తుంది, అందులో ఫెయిల్డ్ అనే వరస కింద సున్నా ఉండాలి. స్లాష్ మిర్ అనే మాట మాత్రం బాగా తెలిసినవాళ్లే వాడాలి. అది అవతలి డిస్కులో ఉండి ఇవతల లేనివాటిని చెరిపేస్తుంది.

మీ హార్డ్ డిస్కు టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే ఇప్పటిదాకా చెప్పిన వరస మారుతుంది. అన్నీ తీద్దామని కూర్చోకండి. మళ్లీ ఎక్కడా దొరకనివి, అంటే మీ ఫొటోలు, మీ రాతలు, మీ లెక్కలు ముందు తీసుకోండి. బాగుచేద్దామని చెక్ డిస్క్ లాంటివి నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కు ప్రాణం తీయడానికి ఆ శ్రమ చాలు. అసలు తెరుచుకోకపోతే కరెంటు ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

కాపీ ముగిసింది. ఇప్పుడు సరిచూడాలి. ప్రతిని సరిచూడటం కొత్త పనేమీ కాదు. ఆంగ్లేయ అధికారి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించుకుని తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిపోల్చించేవాడు. చేతితో రాసిన ప్రతిలో తప్పు అక్షరంలోనో పాదంలోనో దొర్లుతుంది, చదివే పండితుడి కంటికి అది తగులుతుంది. కంప్యూటర్ ప్రతిలో అక్షరం మారడం చాలా అరుదు. పోతే ఫైలుకు ఫైలే పోతుంది, ఫోల్డరుకు ఫోల్డరే పోతుంది. లేని ఫైలు ఎవరి కంటికీ తగలదు. అందుకే లెక్క చూడాలి. పాత కంప్యూటర్లో డాక్యుమెంట్స్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే ఎన్ని ఫైళ్లో, ఎన్ని ఫోల్డర్లో, మొత్తం సైజెంతో చూపిస్తుంది. డిస్కులోని డాక్యుమెంట్స్‌కూ అలాగే చూడండి. సైజ్ అన్న అంకె, ఫైళ్ల సంఖ్య రెండూ కలవాలి. సైజ్ ఆన్ డిస్క్ అనేది కలవకపోయినా కంగారు పడకండి, డిస్కు పద్ధతిని బట్టి అది మారుతుంది. ఫోల్డరు తర్వాత ఫోల్డరు ఇలా చూసుకుంటూ పోవాలి.

తర్వాత ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తెరవండి. వీడియోను మొదట్లో కాదు, మధ్యలోనూ చివర్లోనూ ఆడించి చూడండి. టాలీ కంపెనీ తెరుచుకోవాలి, పోయిన ఏడాది బ్యాలెన్స్ కనిపించాలి. పేజ్‌మేకర్ పేజీలో తెలుగు తెలుగులా ఉండాలి. తెరిచి చూడకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో సర్వర్ మీది సినిమా ఫైళ్లు వరసగా చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిగా అని వెళ్తే, అది కొంతకాలంగా సరిగా నడవడమే లేదు. అది నడుస్తోందా అని ఎవరూ తెరిచి చూడలేదు. సాంకేతిక బృందంలోని గాలిన్ సుస్మన్ పసిబిడ్డ తల్లిగా ఇంటి నుంచి పనిచేస్తుండటంతో, ఆమె ఇంట్లోని కంప్యూటర్లో ఒక ప్రతి ఉంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చారు. సినిమా 1999 నవంబరులో విడుదలైంది.

ఆ సినిమా దక్కింది ప్రతి వేరే ఇంట్లో ఉండటం వల్ల. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అలాంటప్పుడు కంప్యూటరూ, పక్కన అదే బల్ల మీదున్న డిస్కూ కలిసే తడుస్తాయి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట అనే పద్ధతిని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. మన ఇళ్లలో అది కష్టమేమీ కాదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు రెండో డిస్కు వాళ్ల పెట్టెలో పెట్టి పంపవచ్చు.

కాపీ అయ్యాక డిస్కును ఊడదీసి పెట్టడం కూడా అంతే అవసరం. ఎజెక్ట్ అని నొక్కి, తీయవచ్చు అని చెప్పాకే వైరు లాగండి. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వన్నాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కునూ వదలదు.

ఇంకొక్క విషయం. కొత్త విండోస్ కంప్యూటర్లు చాలావరకు డిస్కుకు తమంతట తామే బిట్‌లాకర్ తాళం వేసుకుంటాయి. రేపు ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోతే, లోపలి డిస్కు బాగానే ఉన్నా 48 అంకెల రికవరీ కీ లేకుండా తెరుచుకోదు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఈ రోజే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. మీరు చేసుకున్న ఎక్స్‌టర్నల్ డిస్కుకు మాత్రం ఆ తాళం ఉండదు. అందులో ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్లు ఉంటే దానికీ పాస్‌వర్డు పెట్టండి. ఆ పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

పాత కంప్యూటర్‌ను వెంటనే అమ్మేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. ఒక నెల మూల పెట్టండి. వ్యాపారస్తులైతే జీఎస్టీ రిటర్ను ఒకటి కొత్త కంప్యూటర్ నుంచి వేసేదాకా ఆగండి. రాని ఫైలేదైనా ఆ నెలలో బయటపడితే, పాతదాంట్లోంచి తీసుకోవచ్చు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో రీసెట్ దగ్గర అన్నీ తీసేయమని చెప్పి, డ్రైవ్‌ను శుభ్రంగా తుడవమనే మాట కూడా ఎంచుకుని, అది పూర్తయ్యాకే ఎవరికైనా ఇవ్వండి.